జీడినూనె పూత, సింహాచలం చేతులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోధుమ పండదు. ఈ సంగతి ఇక్కడి పిట్టలకు కూడా తెలుసు. అయినా నేను మూడు రబీలు గోధుమ మీద పనిచేశాను, చివరికి శాలువా కప్పించుకుని ఇంటికొచ్చాను. వీడ్కోలు సభలో ఒకాయన నన్ను "ఉత్తరాంధ్రకు గోధుమను పరిచయం చేసిన మహానుభావుడు" అన్నాడు. పరిచయం చేసిన మాట నిజమే. సంబంధం మాత్రం పెళ్లిచూపుల దగ్గరే ఆగిపోయింది.

కొత్తగా పరిశోధన స్థానాల్లో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు ఎలా వస్తాయో నన్ను అడగకండి, నాకు ఆలస్యంగానే వచ్చాయి. నాకు తెలిసింది యూరియా. అది కూడా పూర్తిగా తెలుసనుకున్న రోజుల్లోనే ఒక మనిషి చేతులు పాడుచేశాను. మిగతా ఉద్యోగమంతా పక్కనపెట్టి ఆ ఒక్కటే చెబుతాను.

గోధుమే ఎందుకు

పైనుంచి ఒక పథకం దిగింది. గోధుమలో యూరియా వృథా తగ్గించడానికి ఎక్కడికక్కడ దొరికే సహజమైన పూతలు కనిపెట్టాలి. ఆలోచన మంచిదే, వంక పెట్టను. పొలంలో చల్లిన యూరియాలో పైరుకి అందేది కొంతే. కొంత ఆవిరై గాలిలో కలుస్తుంది, కొంత నీళ్లతో కిందికి జారిపోతుంది. గుళిక మీద నూనె పొర ఉంటే అది నెమ్మదిగా కరుగుతుంది. నేలలో దాన్ని గబగబా మార్చేసే సూక్ష్మజీవులు కూడా కాస్త చల్లబడతాయి. ఇప్పుడు మీరు చూసే ప్రతి బస్తా మీదా వేప పూత అని అచ్చు ఉంటుంది కదా, అదే ఇది. వేప కాక ఇంకేమున్నాయో చూడమన్నారు.

అంతవరకూ బాగానే ఉంది. దేశంలో ఎన్ని స్థానాలున్నాయో అన్నిటికీ ఒకే కాగితం పంపడంతో వచ్చింది చిక్కు. మాది నాగావళికీ వంశధారకీ మధ్య ఉన్న చిన్న స్థానం. వరి, మొక్కజొన్న, మినుము, నువ్వు, గోగు మాకు తెలిసిన పంటలు. గోధుమ మేము చపాతీలో తప్ప చూడలేదు. దాని బదులు మొక్కజొన్న మీద ప్రయోగం పెట్టుకుంటామని ఒక ఉత్తరం రాసి మా స్థానాధిపతి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన్ని మేమంతా పెద్దసారు అనేవాళ్లం.

పెద్దసారు చదివి, కళ్లజోడు తీసి, "ఆర్డర్లో ఏముందయ్యా?" అన్నాడు.

"గోధుమ సార్."

"నీకు జీతం ఎవరిస్తున్నారు, మొక్కజొన్నా?"

గోధుమే వేశాం. చలికాలం మా వైపు నాలుగు రోజులు మొహం చూపించి పోతుంది. ఆ సంగతి తెలియక పైరు మొలిచింది, తెలిశాక కంగారుపడి జానెడెత్తుకే వెన్ను తీసింది. దారినపోయే రైతులు గట్టు మీద ఆగి చూసేవాళ్లు.

"ఏటి బాబూ ఇది? ఆవులకా?"

"కాదయ్యా, గోధుమ."

"ఓలమ్మా! గోదుమలే! ఏటి సేస్తారు ఈటితోని?"

"ప్రయోగం."

"ఓ, అలగ సెప్పండి" అని నిశ్చింతగా వెళ్లిపోయేవాళ్లు. ప్రయోగమంటే నష్టం ప్రభుత్వానిదేనని వాళ్లకి తెలుసు.

పంట ఎంత నీరసంగా ఉన్నా పూతల తేడా మాత్రం ఆకుల్లో కనబడేది. అందుకని కాగితంలో లేకపోయినా పక్క మడిలో మొక్కజొన్నకి కూడా అదే యూరియా వేసి చూశాను. ఆ పని చేసినందుకు ఈనాటికీ నన్ను నేను మెచ్చుకుంటాను. మెచ్చుకోడానికి ఆ పథకంలో నాకు మిగిలింది అదొక్కటే.

యూరియాకి తలంటు

సింహాచలం మా స్థానంలో రోజు కూలీ. నేను చేరకముందు నుంచీ ఉన్నాడు. ఎరువు చల్లడంలో ఆ చుట్టుపక్కల అతనంతటివాడు లేడు. బేసిన్ నడుముకి ఆనించుకుని, అడుగుకొక గుప్పెడు తీసి, మణికట్టు తిప్పి వదిలాడంటే గుళికలు మడంతా సమానంగా పడాల్సిందే. ఎరువు ఎగుడుదిగుడుగా పడితే మీరేం చెప్పక్కర్లేదు, పదిరోజుల్లో పైరే చెప్పేస్తుంది, ఒక చార పచ్చగా, ఒక చార పసుపుగా. సింహాచలం నడిచిన మడిలో నేను చార చూడలేదు. నా ప్రయోగాల ఫలితాలు నిక్కచ్చిగా ఉంటాయని సమావేశాల్లో పొగిడేవారు. నేను తలవంచుకుని వినయంగా నవ్వేవాణ్ణి. ఆ పొగడ్త వెళ్లాల్సింది అతని చేతికి. నేను దారిలోనే కాజేశాను.

పూత పూయడానికి మాకు యంత్రం లేదు. పాత పీపాకి ఇరుసూ పిడీ బిగించి, అందులో యూరియా పోసి, నూనె పోసి తిప్పేవాళ్లం. తిప్పేది సింహాచలమే. మొదటిరోజు వేపనూనె పోస్తుంటే అతను పిడి పట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"యూరియాకి తలంటు పోస్తన్నామేటి బాబూ? కుంకుడుకాయలు కూడా తెమ్మంటారా?"

"నవ్వకు. ఇది సైన్సు."

"సైన్సే గాని, ఈ కంపుతోని ఇంటికెల్తే మా పైడమ్మ గుమ్మం తొక్కనిస్తాదేటి!"

పైడమ్మ అతని భార్య. ఆవిడ గుమ్మం తొక్కనివ్వలేదని, ముందు నూతి దగ్గర కూచోబెట్టి తోమిందని మర్నాడు చెప్పాడు. మొదటి రబీలో వేప, కానుగ, ఇప్ప నూనెలు మూడూ పూసి చూశాం. మూడూ పనిచేశాయి. కంపు తప్ప ఎవరికీ ఏ హానీ లేదు. అక్కడితో ఆగినా ఎవరూ కాదనేవాళ్లు కాదు.

పలాసలో నేను చూసి చూడనిది

నాకు సొంత పేరు కావాలనిపించింది. దాచడమెందుకు? వేప అందరిదీ అయిపోయింది, కానుగ మీద ఎవరెవరో రాసేశారు. నాదంటూ ఒకటి ఉండాలి. పలాసలో జీడిపప్పు తీసేశాక మిగిలే తొక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. ఆ తొక్కలోంచి నల్లగా, జిగటగా ఒక నూనె దిగుతుంది. చెక్కకి చెద పట్టకుండా రాస్తారు, పడవలకి పూస్తారు. చెదల్ని ఆపేది నేలలో సూక్ష్మజీవుల్ని ఆపదా అనుకున్నాను. పైగా అది స్థానికం, సహజం, పారేసేదాంట్లోంచి వచ్చింది. పథకం వాళ్లు పడి చచ్చే మూడు మాటలూ అందులోనే ఉన్నాయి.

ఒక జీడిపిక్కల కార్ఖానాకి వెళ్లాను. ఆడవాళ్లు వరసగా కూచుని పిక్కలు కొడుతున్నారు. చేతులకి ఆముదమూ బూడిదా పట్టించుకుని ఉన్నారు. అందులో ఒక పెద్దావిడ నన్ను అడిగింది.

"నూనెకొచ్చినారేటి బాబూ? దేనికి?"

"పొలానికమ్మా. ఎరువుకి పూస్తాం."

"ఓర్నాయనో! ఎరువు సేత్తో గదా సల్లుతారు? ఇలగ సూడండి" అని రెండు చేతులూ నా ముందు చాపింది. వేళ్ల కొసలు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది.

మర్యాదకి చూశాను. "మేము పలచగా పూస్తాంలే అమ్మా" అన్నాను. నూనె డబ్బా జీపులో పెట్టించుకుని వచ్చేశాను. దారిలో నోటుపుస్తకం తీసి నూనె రంగు రాసుకున్నాను, చిక్కదనం రాసుకున్నాను, ఎండలో గడ్డకడుతుందా లేదా రాసుకున్నాను. ఆవిడ చేతుల గురించి ఒక్క ముక్క రాసుకోలేదు.

పిల్లలూ, సహజం అన్న మాట విన్నప్పుడల్లా మీరు కాస్త వెనక్కి జరగండి. దురదగొండి కూడా సహజమే.

అమ్మోరు

రెండో రబీలో తెచ్చిన నూనె ఒక్కసారి చల్లడానికే సరిపోయింది. అయినా జీడినూనె మళ్లు మిగతావాటికంటే నల్లగా, ఏపుగా లేచాయి. జానెడు గోధుమ కూడా కాస్త మనిషిలా కనబడింది. మొక్కజొన్న అయితే చెప్పక్కర్లేదు. నేను గట్ల మీద గెంతులేశాను, వయసు మరిచిపోయి.

చల్లిన మూడోరోజు నుంచి సింహాచలం పనికి రాలేదు. పైడమ్మ వచ్చి గేటు బయటే నిలబడి చెప్పింది.

"అమ్మోరు పోసినాది బాబూ. సేతులనిండా పొక్కులు. లోనికి రాకూడదు నాను."

మా వైపు ఒంటి మీద పొక్కు లేచిందంటే ముందు అమ్మవారే. గుమ్మానికి వేపమండలు కడతారు, చల్లటివి పెడతారు, ఆసుపత్రి మాటెత్తరు. పెద్దసారు కూడా చేతులు జోడించి, "వాణ్ణి తగ్గేదాకా రావద్దను" అన్నాడు. నేను? నేను వ్యవసాయ శాస్త్రంలో పెద్ద చదువు చదివినవాణ్ణి. అమ్మవారు అరచేతుల్లో మాత్రమే పోస్తుందా అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. అడగలేదు. ఎందుకంటే అమ్మవారైతే నాకు అనుకూలం. నెపమంతా అమ్మవారి నెత్తిన వేసి నేను నా పచ్చటి మళ్లు చూసుకున్నాను.

తగ్గింది, అతను వచ్చాడు, మరుసటి ఏడు వచ్చింది. మూడో రబీలో నూనె ఎక్కువ తెప్పించాను. సింహాచలం పీపా తిప్పాడు, మొదటి దఫా చల్లాడు. మూడోరోజు మళ్లీ రాలేదు. నాలుగోరోజు పైడమ్మ వచ్చింది. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. తిన్నగా నా గదిలోకి వచ్చి బల్ల ముందు నిలబడింది.

"బాబూ, అమ్మోరు ఒకపాలి వస్తాది, ఎల్లిపోతాది. మా ఆయనకి రెండోపాలి వచ్చినాది. అదీ మీరు ఆ నల్లనూనె కలిపిన మూడోనాడే. నిరుడూ మూడోనాడే. మొకమ్మీద లేదు, ఒంటిమీద లేదు, సేతులకే. వేపనూనె తిప్పినప్పుడు రాలేదు, ఇప్పనూనె తిప్పినప్పుడు రాలేదు. మా అమ్మోరు మీ పీపాలోన ఉన్నాదేటి?"

నేను లేచి కుర్చీ జరిపాను. ఆవిడ కూచోలేదు.

"అన్నం కలుపుకోలేకున్నాడు. సంటిపిల్లడికి పెట్టినట్టు నానే పెడతన్నాను. సిగ్గుపడి సగం కడుపుకే లేసిపోతన్నాడు. ఏటి సెయ్యమంటారో సెప్పండి."

ఆవిడ బడి మొహం చూడలేదు. కానీ ఏ నూనెకి వచ్చింది, ఏ నూనెకి రాలేదు, ఎన్నోరోజు వచ్చింది, మళ్లీ వచ్చిందా, అన్నీ సరిచూసి నా ముందు పెట్టింది. అది నా పని. నేను పరిశోధకుణ్ణి, ఆవిడ పరిశోధన చేసింది.

వాళ్లింటికి వెళ్లాను. సింహాచలం అరుగు మీద కూచుని చేతులు మోకాళ్ల మీద వెల్లకిలా పెట్టుకున్నాడు. అరచేతుల్లో చర్మం ఊడిపోయి ఎర్రటి మాంసం కనబడుతోంది. వేళ్ల సందుల్లో చీము. నన్ను చూసి లేవబోయాడు.

"దాని మాటలు పట్టించుకోకండి బాబూ. అది అలగే వాగుతాది" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది నాకు.

మనిషికి కాలమ్ లేదు

మర్నాడే పెద్దసారు దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. చెడ్డవాడు కాదు. ఫారం నింపడమే దైవసేవ అనుకునే మనిషి, అంతే.

"పంటకేమైనా అయిందా?"

"లేదు సార్. పంట బ్రహ్మాండంగా ఉంది."

"మరింకేం? రిపోర్టులో దుష్ప్రభావాలు అన్న కాలమ్ పంట గురించి. మనిషి గురించి కాలమ్ ఎక్కడుందో చూపించు, దర్జాగా రాద్దాం."

ఫారం ఇటు తిప్పి అటు తిప్పి చూశాను. ఆకుల రంగుకి కాలమ్ ఉంది. ఎలుకలకి ఉంది. పిట్టలకి ఉంది. మనిషికి లేదు.

"క్షేత్ర దినోత్సవం ఇంకో పది రోజుల్లో ఉంది" అన్నాడు పెద్దసారు. "పైనుంచి పెద్ద అధికారి వస్తున్నారు. ఆ రోజే మన జీడి పూతని రైతులకి సిఫారసు చేస్తున్నాం. కరపత్రాలు అచ్చయిపోయాయి. నీ పేరే ముందు ఉంది, చూసుకో."

చూసుకున్నాను. పేరు పెద్ద అక్షరాల్లోనే ఉంది. కరపత్రం అడుగున చీమల్లాంటి అక్షరాల్లో "చేతితొడుగులు ధరించుట మంచిది" అని కూడా ఉంది. రబ్బరు తొడుగులు వేసుకుని యూరియా చల్లిన కూలీని మా రెండు జిల్లాల్లో నేను ఇంతవరకూ చూడలేదు. సిఫారసు వెళ్లిందంటే ఎన్ని చేతులు ఆ బేసిన్లలో మునుగుతాయో నాకు బాగా తెలుసు. తెలిసే, దుష్ప్రభావాలు అన్నచోట "లేవు" అని రాసి సంతకం పెట్టాను. పెద్దసారు నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. నా అంతట నేనే పెట్టాను.

నాలుగు గుప్పిళ్లు

క్షేత్ర దినోత్సవానికి షామియానా వేశాం. వెనక ఫ్లెక్సీలో బంగారు రంగు గోధుమచేను, ఏ పంజాబుదో. మా గోధుమ ఆ ఫ్లెక్సీ వెనకాల ఎవరికీ కనబడకుండా ఉంది. ముందు మాత్రం నడుమెత్తు మొక్కజొన్న. రెండో దఫా యూరియా చల్లి చూపించడం ఆనాటి కార్యక్రమం. సింహాచలం చేతులకి తువ్వాలు చుట్టుకుని గట్టు చివర నిలబడ్డాడు. రావద్దని చెప్పాను. పెద్దసారు కబురు పెట్టాడని వచ్చాడు.

అధికారి బాగానే మాట్లాడాడు. రైతులంటే ప్రాణమన్నాడు. ఉత్సాహం పట్టలేక, "నేనే చల్లుతాను, బేసిన్ ఇలా తెండి" అన్నాడు. సెల్‌ఫోన్లు లేచాయి. చొక్కా చేతులు మడిచి బేసిన్ మీదికి వంగాడు. నేను ఆయనకి రెండడుగుల దూరంలో ఉన్నాను. చెప్పాలి. నోరు తెరిచాను కూడా. మాట రాలేదు.

గట్టు చివరి నుంచి సింహాచలం ఒక్క ఉదుటున వచ్చి ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు.

"ముట్టకండి బాబూ! సేతులు పోతాయి!"

పెద్దసారు మొహం మాడిపోయింది. "ఒరేయ్, బుద్ధుందా నీకు? ఎవరి చెయ్యి పట్టుకున్నావ్?" అని అరిచాడు. అధికారి మాత్రం నా వైపు తిరిగి, "ఏమిటిది?" అని అడిగాడు.

"కొద్దిగా... చర్మానికి... జాగ్రత్త అవసరం సార్" అన్నాను.

కొద్దిగానట! అరచేతుల్లో చర్మం లేని మనిషి పక్కన నిలబడి ఉండగా నేనన్న మాట అది.

వెంటనే ల్యాబ్‌కి మనిషి పరిగెత్తాడు. ఆసిడ్ పనికి వాడే పసుపు రంగు తొడుగుల జత ఒకటి తెచ్చాడు. స్థానం మొత్తానికి ఉన్నది అదొక్కటే. అధికారి అవి తొడుక్కుని నాలుగు గుప్పిళ్లు చల్లాడు, నాలుగూ ఒకే మొక్క మొదట్లో. చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు. తొడుగులు ల్యాబ్ సామాను కాబట్టి సబ్బుతో కడిగి, తుడిచి, బీరువాలో పెట్టి తాళం వేశారు. అతిథులు భోజనాలకి నడిచారు.

బేసిన్లో ఎరువు మిగిలిపోయింది. మడి మిగిలిపోయింది. పెద్దసారు వెనక్కి తిరిగి, "సింహాచలం, మిగతాది కానిచ్చెయ్. మధ్యలో వదిలేస్తే ప్లాటు పాడైపోతుంది" అన్నాడు.

సింహాచలం తువ్వాలు విప్పడం మొదలుపెట్టాడు.

ఎడమ చెయ్యి

అతను అందుకోకముందే బేసిన్ లాక్కున్నాను. నన్నేదో వీరుణ్ణి అనుకోకండి. కోపంతో ఒళ్లు మండిపోతోంది, ఆ కోపం ఎవరి మీదో కూడా నాకు తెలియదు. అంత మంటలోనూ లెక్క తప్పలేదు చూడండి, ఎడమచేత్తో చల్లాను. కుడిచెయ్యి రాతకోతలకి కావాలి కదా, అన్నం తినడానికి కావాలి కదా! అంత ఆలోచన ఉంది నాకు.

గట్టు మీద మిగిలిన రైతులు పడీపడీ నవ్వారు. "కోళ్లకి నూకలేస్తన్నారేటి బాబూ!" అని ఒకడు కేక పెట్టాడు. సింహాచలం నా వెనకే నడుస్తూ, "సాలండి బాబూ, ఇచ్చీయండి నాకు, పాపం తగులుతాది" అని బతిమాలుతూనే ఉన్నాడు. మడి చివరిదాకా ఇవ్వలేదు.

మూడోరోజుకి నా ఎడమచెయ్యి మోచేతిదాకా పొక్కిపోయింది. దురద, మంట, నిద్ర లేదు. మా ఆవిడ భయపడి ఫోన్ చేస్తే పెద్దసారు స్వయంగా జీపు వేసుకొచ్చాడు. చిత్రం ఏమిటంటే నాకు అమ్మవారు పోసిందని ఒక్కరూ అనలేదు. గుమ్మానికి వేపమండ కట్టలేదు. డాక్టరు చూసీచూడగానే రసాయనం వల్ల గాయం అని చీటీ రాశాడు. పెద్దసారు ఆ చీటీ రెండుసార్లు చదివాడు.

"ఇంత ప్రమాదమని నాకు ముందే చెప్పొద్దూ!" అన్నాడు. వెక్కిరింత కాదు. నిజంగానే అన్నాడు.

వారం తిరక్కుండా అన్నీ కదిలాయి. కరపత్రాలు వెనక్కి తెప్పించారు. పీపా తీసుకెళ్లి గోడౌన్లో బోర్లించారు. జీడినూనె పూత శాస్త్రవేత్త ఆరోగ్యానికి హానికరమని తేలినందున సిఫారసు ఉపసంహరించుకోవడమైనదని కాగితం వచ్చింది. కాలమ్ లేకపోతే ఏం, చోటు దొరికింది.

నా చేతి కట్టు విప్పిన రోజు సింహాచలం మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, వరండా మెట్టు మీద కూచున్నాడు. నేనూ వెళ్లి పక్కన కూచున్నాను.

"తగ్గినాదా బాబూ?"

"తగ్గుతోంది. నీకు?"

"పరవాలేదు. గట్టిపడిపోనాయి. గుప్పిడి మూస్తే సురుక్కుమంటాది గాని. ఆ నూనె ఇంక రాదంట గదా?"

"రాదు. ఆపేశారు."

"మంచి పని" అన్నాడు. "కాయితంలోన ఏటి రాసినారు?" అని అడిగాడు.

చెప్పాను. ఒక శాస్త్రవేత్త ఎడమచేతికి గాయమైనట్టు రాశారని చెప్పాను.

"మరి నాయి?"

నేను నేల చూశాను.

"మీదొక సెయ్యి బాబూ. అదీ ఒక్కపాలి. నాయి రెండు సేతులు, రెండేళ్లు. ఒక్కటీ ఎక్కలేదేటి ఆ కాయితంలోన?"

"ఎక్కలేదు సింహాచలం" అన్నాను. రాయడానికి నా కుడిచెయ్యి శుభ్రంగానే ఉంది.